ఎడారి పెంకుపురుగులు - వాటి రంగుల చిత్రములు

ప్రాచీన ఈజిప్టు ప్రజలు పేడపురుగును దేవతారూపముగా కొలిచిరి. ఇసుకపై పేడ ఉండను దొర్లించుకొని పోవు ఆ పురుగును చూచి, ఆకాశమున సూర్యబింబమును నడిపించు దేవుడును ఇట్టివాడే అని వారు భావించిరి. ఉదయసూర్యునకు ఖెప్రి అను పేరిడి, పేడపురుగు రూపమున చిత్రించిరి. రాతితోను, మెరుగుపూసి కాల్చిన ముద్దతోను ఆ పురుగు బొమ్మలను వేలకొలది చేసి, బ్రతికినవారు ఉంగరములుగా ధరించిరి; చనిపోయినవారి గుండెలపై ఉంచిరి. ఆ బొమ్మలు నేటికిని పెద్ద మ్యూజియములలో కానవచ్చును. వానిలో గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ బొమ్మలలో చాలవాటి రంగు నీలము, లేదా ఆకుపచ్చ. ఈజిప్టు ఇసుకలో తిరుగు ఆ పేడపురుగు రంగు మాత్రము నలుపు.

అనగా ఎడారి పురుగునకు ఆనాటి మానవుడు వేసిన రంగు పురుగుది కాదు, అతని విశ్వాసమునది. ఆ శిల్పులకు పురుగు రంగు తెలియదని కాదు. వారికి కావలసినది అది కాదు, అంతే. పురుగును పురుగుగా, అది తిరుగు తావులోనే, బ్రతికియుండగనే, దాని రంగుతోసహా పట్టుకొనవలెనను కోరిక మానవునకు చాల కాలము తరువాత గాని కలుగలేదు. కలిగిన తరువాత అది నెరవేరుటకు మరికొంత కాలము పట్టెను. ఆ కోరిక యొక్క చరిత్రయే నేటి మా ప్రసంగము.

రేడియోవారికి రంగులతో పనియేమి అని శ్రోతలు అడుగవచ్చును. మా చేతిలో ఉన్నది ధ్వని ఒక్కటే. రంగును మాటలతో చెప్పవలసినవారము కనుకనే, రంగనగా ఏమో మేము కొంత నిదానముగా ఆలోచింపవలసి వచ్చినది.

ముందురెక్కలు గట్టిపడి, వీపుపై పెంకులవలె మూతపడు పురుగులను పెంకుపురుగులు అందురు. ఇప్పటికి పేరుపెట్టబడిన జాతులు సుమారు 4 లక్షలు. శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన జంతుజాతులన్నిటిలో దాదాపు నాలుగవ వంతు ఇవియే. మన మెట్టపొలముల తుమ్మచెట్లపై వానలు పడిన రోజులలో పచ్చగా నిగనిగలాడు పురుగు కనబడును. ఒకచోట దానిని బంగారు పురుగు అందురు, వేరొకచోట జీరంగి అందురు. దానిని పట్టి, నాలుగు తుమ్మాకులతో అగ్గిపెట్టెలో పెట్టి దాచుకొనని పిల్లలు పూర్వము పల్లెలలో అరుదు. పందొమ్మిదవ శతాబ్దమున హైదరాబాదు, మద్రాసు నగరములలో సన్నని మస్లిను బట్టలపై జరీతోపాటు ఈ జాతి పురుగుల పెంకులను కూర్చి కుట్టెడివారు. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయి కర్జన్ భార్య ధరించిన నెమలి గౌనులో ఒక్కొక్క కన్ను నడుమ మెరిసినది పురుగు పెంకే. ఆ దుస్తు నేటికిని ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ భవనమున ఉన్నది.

పురుగు చచ్చి నూరేండ్లు దాటినను ఆ పెంకు రంగు ఏల పోలేదు? ఏలయన అది అద్దిన రంగు కాదు. పెంకుపై ఒకదానిమీద ఒకటిగా అతిపలుచని పొరలు ఉండును. సబ్బుబుడగ మీద, నీటిపై తేలిన నూనె మీద రంగులు పుట్టినట్లే, ఆ పొరలనుండి తిరిగివచ్చు వెలుతురే పచ్చగా, నీలముగా, బంగారముగా కనబడును. పొరలు చెదరనంతకాలము రంగు నిలుచును. జపానులోని హోర్యూజీ బౌద్ధాలయమున 7వ శతాబ్దపు చిన్న మందిరమొకటి కలదు. దానిని ఇట్టి పెంకులతోనే అలంకరించిరి, దాని పేరే ఆ పురుగు పేరు. పెంకుపురుగులలో రెండవ విధమగు రంగు, శరీరములోని వర్ణద్రవ్యము వలన కలుగు ఎరుపు, పసుపు మొదలగునది. ఇది పురుగు చచ్చిన పిదప తరచుగా మాసిపోవును.

మూడవ విధమగు రంగు కలదు. మా కథకు ఆయువుపట్టు అదియే. బూడిదగుమ్మడికాయను ఎరుగనివారు లేరు. దానిమీద తెల్లని పూత ఉండును. వ్రేలితో రాచిన ఊడివచ్చి లోని పచ్చదనము కనబడును. అది మైనము. ఎడారి పెంకుపురుగులలో కొన్నింటి రంగు ఇట్టి పూతయే. అమెరికాలో అరిజోనా రాష్ట్రమును, దాని పొరుగు ప్రాంతములను ఆవరించిన సొనోరా ఎడారిలో లేత నీలిరంగు పెంకుపురుగు ఒకటి కలదు. ముట్టుకొనిన కాళ్లు ముడుచుకొని చచ్చినట్లు నటించును. దాని శరీరము నిజమునకు నలుపు. గాలిలో తేమ తగ్గినప్పుడు, దాని పెంకుపై గల చిన్న బొడిపెల కొనలనుండి మైనపు పోగులు వెలువడి, వలవలె అల్లుకొని వీపంతయు కప్పును. ఆ వలపై పడిన వెలుతురు చెదరి మన కంటికి నీలముగా తోచును. తేమగల గాలిలో ఉంచిన అదే పురుగు కాటుకనలుపుగా ఉండును. ఈ సంగతిని నీల్ హాడ్లీ అను శాస్త్రజ్ఞుడు 1979 లో సైన్స్ పత్రికలో ప్రకటించెను. ఆ పూత అలంకారము కాదు. శరీరములోని నీరు ఆవిరియై పోకుండ కాపాడు కవచము.

కావున ఆ పురుగు రంగేమి అని అడిగినచో, ఏ గాలిలో, ఎక్కడ అని ఎదురు ప్రశ్న వేయవలసి వచ్చును. ఆ నీలము పురుగొక్కదానిది కాదు. పురుగును, ఎడారియును కలిసి కట్టుకొనిన రంగు అది. పురుగును పట్టి ఇంటికి తేవచ్చును గాని, ఎడారి గాలిని దానితో తేలేము. అందుచేతనే దానిని దాని తావులో చిత్రించుట ఒక వినోదము మాత్రమే కాక, ఒక సాక్ష్యమును భద్రపరచుట అగుచున్నది.

ఈ సాక్ష్యపు విలువ తెలియుటకు ముందు పురుగుల శాస్త్రమంతయు పెట్టెలలో పెరిగినది. పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దములలో ఐరోపా విద్వాంసులు ప్రపంచము నలుమూలలనుండి పురుగులను తెప్పించి, సూదులతో గుచ్చి, చెక్కపెట్టెలలో వరుసలు తీర్చిరి. చిత్రకారులు ఆ కళేబరములను చూచి బొమ్మలు గీసి రంగులు అద్దిరి. ఈ పద్ధతిని చాల ముందుగనే కాదన్న స్త్రీ ఒకరు కలరు. మరియా సిబిల్లా మేరియన్ 1699 లో, ఏబది రెండేండ్ల వయసున, కుమార్తెను వెంటబెట్టుకొని దక్షిణ అమెరికాలోని సురినాముకు ఓడలో పోయెను. అక్కడి పురుగులను బ్రతికియుండగా పెంచి, అవి తిను మొక్కలతోసహా చిత్రించి, 1705 లో ఆమ్‌స్టర్‌డాములో గ్రంథముగా ప్రకటించెను. పురుగును దాని తావునుండి విడదీయరాదు అను భావము ఛాయాచిత్రములకంటె ముందే పుట్టినదని దీనివలన తెలియుచున్నది. కొరవడినది సాధనము మాత్రమే.

ఛాయాచిత్రణము 1839 లో లోకమునకు వెల్లడియైనది. ఆ మరుసటి యేడు ప్రాంతమున ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ సూర్యకాంతితో పనిచేయు సూక్ష్మదర్శినిద్వారా పురుగు రెక్కల చిత్రములను తీసెను. రెక్కలనే గాని, ఎగురు పురుగును కాదు. ఆనాటి చిత్రమునకు వస్తువు చాలసేపు కదలక ఉండవలెను. మనుష్యులనే కుర్చీలో తల ఆనించి కూర్చుండబెట్టవలసిన కాలమది. ఇక పురుగు నిలుచునా? కావున మొదటి అరవై ఏండ్లలో కెమెరా ముందుకు వచ్చిన పురుగులలో ఎక్కువపాలు చచ్చినవియే.

ప్రకృతిలో తిరుగు ప్రాణిని అది ఉన్నచోటనే చిత్రించుటకు బాట వేసినవారు ఇంగ్లండులోని కీర్టన్ సోదరులు, రిచర్డు, చెర్రీ అనువారు. 1895 లో వారు ప్రకటించిన పక్షిగూళ్ల గ్రంథములోని బొమ్మలన్నియు ప్రకృతిలోనే తీసిన ఛాయాచిత్రములు. పక్షులు బెదరకుండుటకై ఎద్దు చర్మముతో డొల్ల ఎద్దును తయారుచేసి, అందులో దాగి చిత్రములు తీసిన ఘనులు వారు. ప్రాణిని మనవద్దకు తెచ్చుట కాదు, మనమే ప్రాణి వద్దకు పోవలెనను నియమమును వారు ఆచరణలో చూపిరి. అదే కాలమున ఫ్రాన్సు దక్షిణభాగమున సెరిన్యాఁ గ్రామములో ఫాబ్ర్ పండితుడు ఎండలో నేలపై వంగి పురుగుల జీవితమును గమనించుచుండెను. 1879 నుండి 1907 వరకు పది సంపుటములుగా వెలువడిన ఆయన గ్రంథమున పేడపురుగునకు పెద్దపీట దొరకినది. తరువాతి సచిత్ర ముద్రణకు ఆయన కుమారుడు పాల్ ఛాయాచిత్రములు సమకూర్చెను. అవి నలుపు తెలుపుల చిత్రములే.

రంగు వచ్చినది ఆ తరువాత. 1907 లో లూమియేర్ సోదరులు బంగాళాదుంప పిండిరేణువులకు మూడు రంగులు పట్టించి, గాజుపలకపై పరచి, రంగుల ఛాయాచిత్రమును అంగడిలోనికి తెచ్చిరి. అందమైన చిత్రములే గాని, మంచి ఎండలో సైతము పలక కొన్ని క్షణములు వెలుతురు త్రాగవలెను. ఆ క్షణములలో పురుగు మూరెడు దూరము పోవును. 1935 లో కొడాక్రోమ్ ఫిలిము వచ్చెను. దానిని కనిపెట్టిన మాన్నెస్, గొడోవ్‌స్కీలు ఇరువురును సంగీతవిద్వాంసులు. ఒకరు పియానో, వేరొకరు వయొలిన్ వాయించెడివారు. రేడియో శ్రోతలకు ఈ ముచ్చట రుచించునని తలచుచున్నాము. మరుసటి యేడు జర్మనీలో తయారైన కీనె ఎక్సాక్టా కెమెరాలో, ఫిలిముపై పడబోవు బొమ్మనే కన్ను పెట్టి చూడగల ఏర్పాటు కుదిరినది. జానెడు దూరములోని పురుగును గురిచూచుటకు ఇది ఎంత అవసరమో అనుభవజ్ఞులకు తెలియును. అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1931 ప్రాంతమున సిద్ధపరచిన విద్యుత్ మెరుపుదీపము, రెప్పపాటులో వేయవవంతు కాలమును సైతము నిలిపి చూపుటకు దారి తీసెను. రంగు, గురి, మెరుపు, ఈ మూడును కలిసిన నాటినుండి చేతిలో కెమెరా గల మనిషి ఎడారిలోనికి పోయి బ్రతికిన పురుగు రంగును తేగలిగెను. కొడాక్రోమ్ తయారీ 2009 లో నిలిచిపోయినది. అప్పటికి డిజిటల్ కెమెరాలు దాని స్థానమును ఆక్రమించెను.

ఇక ఆ ఎడారులలో పురుగులకు పెట్టినపేరైన దానిని చూతము. ఆఫ్రికా ఖండపు నైరుతి తీరమున నమీబ్ ఎడారి కలదు. నేటి నమీబియా దేశము 1990 లో స్వతంత్రమగువరకు ఆ భూభాగము దక్షిణాఫ్రికా పాలనలో ఉండెను. ఆ తీరము వెంబడి బెంగ్వేలా అను చల్లని సముద్రప్రవాహము పారును. దానివలన వాన పడదు గాని, రాత్రివేళ దట్టమైన పొగమంచు ఇసుకతిన్నెలపైకి ప్రాకివచ్చును. కుయిసెబ్ వాగు ఒడ్డున, సముద్రమునకు సుమారు 60 కిలోమీటర్ల లోపల గోబాబెబ్ అను చోటు ఉన్నది. ఒకవైపు ఎర్రని ఇసుకతిన్నెలు, ఒకవైపు గులకరాళ్ల మైదానము. ఏడాది సగటు వాన 30 మిల్లీమీటర్లకు లోపు. ఇట్టిచోట ఆస్ట్రియాలో పుట్టిన చార్లెస్ కోఖ్ అను పురుగుల శాస్త్రజ్ఞుడు 1962 లో పరిశోధనకేంద్రమును నెలకొల్పెను. మొక్కయైన మొలవని ఇసుకలో ఇన్ని జాతుల పెంకుపురుగులు ఎట్లు బ్రతుకుచున్నవి అనునది ఆయన ప్రశ్న. గాలి మోసుకొనివచ్చిన ఎండుగడ్డి, చచ్చిన పురుగుల తునకలు వాటికి ఆహారము. మరి నీరు?

కోఖ్ 1970 లో మరణించిన పిదప ఆ కేంద్రమును మేరీ సీలీ అను శాస్త్రజ్ఞురాలు నడపెను. ఆమెయు, విలియం హామిల్టనును కలిసి 1976 లో నేచర్ పత్రికలో ఇచ్చిన జవాబు ప్రపంచమును ఆశ్చర్యపరచినది. ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్ అను నల్లని పెంకుపురుగు మామూలుగా పగలు తిరిగి రాత్రి ఇసుకలో నిద్రించును. పొగమంచు వచ్చిన రాత్రి మాత్రము అది ఇసుకలోనుండి పైకి వచ్చి, చలిలో మెల్లగా తిన్నె శిఖరమునకు ఎక్కును. అక్కడ మంచుగాలికి ఎదురుగా, తల క్రిందికి వంచి, వెనుకభాగము పైకెత్తి నిలుచును. మంచు వీపుపై బొట్లుకట్టి, జారి నోటిలోనికి వచ్చును. ఒక్క ఉదయమున తన బరువులో 34 శాతము వరకు నీరు త్రాగిన పురుగులు లెక్కకు వచ్చినవి. పుట్టి పెరిగిన ఇసుకనుండి తీసి పెట్టెలో గుచ్చిన పురుగు ఈ కథను ఎన్నడును చెప్పియుండదు. ఆ భంగిమ తిన్నెపై, ఆ గాలిలో, ఆ తెల్లవారుజామున మాత్రమే ఉన్నది.

నమీబ్ పురుగులన్నియు నల్లనివి కావు. అదే ఒనిమాక్రిస్ కుటుంబములో, నల్లని శరీరముపై తెల్లని పెంకులు తొడిగిన జాతులు కలవు. రంగునకును, శరీరపు వేడికిని గల సంబంధమును ఎడ్నీ అను శాస్త్రజ్ఞుడు అక్కడనే కొలిచి 1971 లో ప్రకటించెను. సొనోరాలోని నీలిపురుగువలె మైనపు పూత ధరించు జాతులును నమీబ్‌లో ఉన్నవి. మంచు తరచుగా క్రమ్ము సముద్రతీరముకంటె, ఎండయు పొడిగాలియు మిక్కుటమైన లోపలి భాగములలో ఇట్టి పూతగల జాతులు ఎక్కువయని 1985 లో వెలువడిన పరిశోధన తెలిపెను. ఆ పరిశోధకులలో హాడ్లీ, సీలీలు ఇరువురును ఉండిరి. పురుగు వీపును చూచి అది నివసించు గాలిని ఊహింపవచ్చునన్నమాట.

అయితే వీపును మాత్రమే చూచి అంతయు ఊహింపరాదనుటకు ఇదే ఎడారి వేరొక పాఠము నేర్పినది. 2001 లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు పార్కర్, లారెన్సులు నేచర్ పత్రికలో ఒక వ్యాసము వ్రాసిరి. నమీబ్ పురుగొకదాని వీపుపై బొడిపెలు ఉన్నవని, బొడిపెల కొనలు నీటిని ఆకర్షించుననియు, వాని నడుమ మైనము పూసిన పల్లములు నీటిని తోసివేయుననియు, ఈ ఏర్పాటుచేత పురుగు మంచునీటిని పట్టుకొనుననియు వారి వాదము. వినుటకు సొంపైన సిద్ధాంతము. ఇంజనీరులు ఆ నమూనాపై నీరుపట్టు ఉపరితలములను తయారుచేయ మొదలిడిరి. పత్రికలలో బొడిపెల పురుగు బొమ్మ ప్రపంచమంతట తిరిగెను. కాని 2003 లో హామిల్టన్, హెన్షెల్, సీలీలు అభ్యంతరము తెలిపిరి. ఏండ్లతరబడి తిన్నెలపై గమనించిన వారు ఆ బొడిపెల పురుగు మంచునకు వీపు పట్టుటను చూడలేదు. 2010 లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయమువారైన నోర్గార్డ్, డాకేలు నాలుగు జాతులను కృత్రిమపు మంచులో ఉంచి పరీక్షించిరి. తనంతట తాను తల వంచి నిలిచినది ఒనిమాక్రిస్ అంగ్విక్యులారిస్ ఒక్కటియే. దాని వీపుపై బొడిపెలు లేవు. పైగా 2001 నాటి పురుగునకు పెట్టిన జాతి పేరు సరియైనది కాదని కూడ వారు తెలిపిరి.

ఇంజనీరుల ఉపరితలములు నిజముగనే నీటిని పట్టినవి. వాని ఉపయోగమును మేము తక్కువచేయుట లేదు. కాని పురుగు చరిత్రగా చూచిన, అది చేయని పనిని దానికి అంటగట్టుట జరిగినది. ఈజిప్టు శిల్పి నల్లని పురుగునకు నీలిరంగు వేయుట ఎట్టిదో ఇదియు అట్టిదే. తేడా ఒక్కటి. శిల్పి తాను చేయుచున్నది ఎరుగును.

తావులో తీసిన చిత్రము ఎట్టి సాక్ష్యము పలుకగలదో తెలుపు ఉదంతము ఆస్ట్రేలియాలో జరిగినది. పశ్చిమ ఆస్ట్రేలియా మెట్టభూములలో జూలొడిమార్ఫా అను పెద్ద గోధుమరంగు పెంకుపురుగు కలదు. ఆడపురుగు ఎగురలేక నేలపై ఉండును. మగపురుగు పైన ఎగురుచు, నిగనిగలాడు గోధుమరంగు వీపును చూచి దిగివచ్చును. డారిల్ గ్విన్, డేవిడ్ రెంట్జ్ అను శాస్త్రజ్ఞులు, దారిన పోవువారు త్రాగి పారవేసిన బీరుసీసాలపై మగపురుగులు వ్రాలియుండుట చూచిరి. సీసా రంగు గోధుమ. దాని అడుగుభాగమున గల చిన్న బొడిపెలు ఎండలో ఆడపురుగు వీపువలెనే మెరయుచుండెను. మగపురుగులు సీసాను విడువవు; ఎండకు మాడినను, చీమలు పట్టి తినుచున్నను విడువవు. 1983 లో వెలువడిన ఈ పరిశోధనకు, మొదట నవ్వించి తరువాత ఆలోచింపజేయు పరిశోధనలకిచ్చు ఇగ్ నోబెల్ బహుమానము 2011 లో లభించినది. నవ్వు వచ్చునది నిజమే. కాని సీసాపై పురుగున్న ఆ ఛాయాచిత్రమును చూచినవారికి నవ్వుతోపాటు ఒక బాధయు కలుగును. మన చెత్త రంగు ఒక జాతి సంతతినే దెబ్బతీయగలదని గాజుపెట్టెలోని పురుగు చెప్పలేదు. సీసాప్రక్కన తీసిన బొమ్మ చెప్పినది.

ఇట్టి చిత్రములు తీయుట సులభమని ఎవరును భావింపరాదు. పురుగునకు కెమెరా దగ్గరయిన కొలది స్పష్టముగా కనబడు లోతు తగ్గిపోవును. తల తేటగా పడిన, వెనుకభాగము మసకయగును. ఆ లోతు పెంచుటకు కటకపు రంధ్రమును చిన్నది చేయవలెను. చిన్నదైన వెలుతురు చాలదు. మధ్యాహ్నపు ఎండలో వెలుతురు కావలసినంత ఉన్నను, నున్నని పెంకుపై అది తెల్లని మచ్చగా మెరిసి రంగును మ్రింగివేయును. కావున అనుభవజ్ఞులు ఉదయసాయంకాలముల ఏటవాలు ఎండను, లేదా పలుచని తెల్లబట్టగుండా వడకట్టిన మెరుపుదీపమును వాడుదురు. పురుగు ఎత్తునకు కెమెరా దించుటకై ఇసుకపై బోరగిల పండుకొందురు. ఇసుకరేణువు కెమెరాలో పడిన పని చెడును. కాలిన ఇసుక మోచేతులను మాడ్చును. ఇసుకతిన్నెల నల్లపురుగులలో కొన్ని మనిషి మెల్లగా నడచునంత వేగముతో పరుగెత్తును. వెంబడించినవానికి దొరకవు. అది పోవు త్రోవను ఊహించి ముందుగా పోయి కదలక కాచుకొనినవానికే దొరకును.

ఈ కష్టమును తప్పించుకొనుటకు అడ్డదారి ఒకటి కలదు. పురుగును పట్టి చల్లనిపెట్టెలో కొంతసేపు ఉంచిన అది మొద్దుబారును. తరువాత ఇసుకపై పెట్టి తీరికగా బొమ్మ తీసికొనవచ్చును. రంగులు చక్కగా పడును. కాని ఆ కాళ్లు నిలిచిన తీరు, ఆ తల వంచిన తీరు బ్రతుకులోనివి కావు. దానిని చెప్పి చూపిన తప్పులేదు. ఎడారిలో తిరుగుచుండగా తీసినదని చెప్పి చూపుట అసత్యము. రాయి పొరలించి దాని క్రింది పురుగును చిత్రించి, రాతిని తిరిగి యథాస్థానమున పెట్టక పోవుట అంతకంటె పెద్ద తప్పు; ఆ రాతినీడయే పురుగునకు ఇల్లు.

ఇట్లన్నందున మ్యూజియపు పెట్టెలకు మేము విరోధులమని తలపవలదు. 2016 లో లెవన్ బిస్ అను ఛాయాచిత్రకారుడు ఆక్స్‌ఫర్డు మ్యూజియములోని గుచ్చిన పురుగులను, ఒక్కొక్కదానికి వేలకొలది ఛాయాచిత్రములు తీసి, వానినన్నిటిని ఒక్కటిగా కూర్చి, మనిషి ఎత్తుకంటె పెద్ద బొమ్మలుగా ప్రదర్శించెను. ఆ చిత్రములలో పెంకుపై గల ప్రతి గుంటయు, ప్రతి రోమమును లెక్కింపవచ్చును. అంతటి వివరము ఇసుకపై పరుగెత్తు పురుగువద్ద సాధ్యము కాదు. ఒకదానికొకటి దగ్గరి జాతులను వేరుపరచుటకు బొమ్మ ఒక్కటి చాలదు; పురుగునే చేతబట్టి చూడవలసిన సందర్భములు ఎన్నో కలవు. పెట్టె చెప్పగలది పెట్టె చెప్పును, తావు చెప్పగలది తావు చెప్పును.

పెట్టెలోని పురుగు నేర్పు మంచి పాఠమొకటి ఛాయాచిత్రకారులు నేర్వవలసియున్నది. గుచ్చిన ప్రతి పురుగు క్రిందను ఒక చిన్న చీటీ ఉండును. ఎక్కడ దొరకినది, ఏ తేదీన దొరకినది, ఎవరు పట్టిరి అను మూడు సంగతులు దానిపై వ్రాసియుండును. చీటీ లేని పురుగు ఎంత అందమైనదైనను శాస్త్రమునకు దానివలన ప్రయోజనము స్వల్పము. మా వృత్తిలోను ఈ నియమమే. ధ్వనిముద్రణశాలలోని ప్రతి ముద్రణతోను ఒక చీటీ ఉండును. ఎవరి గొంతు, ఏ ఊర, ఏనాడు అని. అది పోయిన గొంతు మిగులును గాని మనిషి మిగులడు. ఛాయాచిత్రమునకును అట్టి చీటీ కావలెను. ఏ ఎడారి, ఏ నెల, ఏ వేళ, గాలి పొడిగా ఉండెనా, మంచు క్రమ్మెనా, పురుగును ముట్టిరా, ముట్టలేదా అని వ్రాసియుంచిన, నేటి అందమైన బొమ్మ నూరేండ్ల తరువాత సాక్ష్యమగును. వ్రాయనిచో బొమ్మగనే మిగిలిపోవును.

నమీబ్ ఇసుకసముద్రమును 2013 లో ప్రపంచ వారసత్వస్థలముగా యునెస్కో ప్రకటించినది. అక్కడి పురుగులను చూచువారును, వ్రాసియుంచువారును ఉన్నారు. మన తుమ్మచెట్ల పురుగునకు అంతటి భాగ్యము కలుగలేదు. దానికై ఆఫ్రికాకు పోవలసిన పని లేదు. తొలకరి పడిన పిమ్మట ఊరివెలుపలి మెట్టపొలమునకు పోయిన చాలును. నేడు చాల ఇండ్లలో కెమెరాయున్న చేతిఫోను ఉన్నది. పిల్లలు ఆ పురుగును కొమ్మమీదనే ఉంచి బొమ్మ తీయవచ్చును. ఊరిపేరు, తేదీ, చెట్టుపేరు నోటుపుస్తకములో వ్రాయవచ్చును. ఏటికేడు అదే చెట్టువద్దకు పోయి చూచినచో, పురుగు వచ్చినదో రాలేదో వారికే తెలియును. అగ్గిపెట్టెలో పెట్టినది నాలుగునాళ్లలో చచ్చును. వ్రాసిపెట్టినది నిలుచును.